కిర్క్ కింద బావులు

చెన్నైలో వారసత్వ కట్టడాల బాగోగులు చూసే అధికారి గారికి,

నమస్కారం. నెల్లూరు నుంచి వచ్చిన మా బావగారిని మొన్న ఎగ్మూరులోని సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌కు (స్కాట్లాండ్ మాటలో కిర్క్ అంటే చర్చి) తీసుకెళ్లాను. తలెత్తితే గుండ్రటి గోపురం, లోపల నీలం రంగు మీద చుక్కలు, చుట్టూ 16 స్తంభాలు. ఆయన మెడ పట్టేసేదాకా చూసి, "మరి పునాది?" అన్నారు (సివిల్ ఇంజనీరు లెండి!).

1821లో పూర్తయిన ఈ స్కాటిష్ చర్చి బావుల మీద నిలబడింది. నేల మెత్తన కావడంతో వరుసగా బావులు దింపి, వాటి మీద గోడలు లేపారు. మన ఊళ్లలో వరలు దించే పనిలాంటిదే. వింతంతా నేల కిందే ఉంటే చూసేవాళ్లకి తెలిసేదెలా? గేటు దగ్గర ఆ బావుల బొమ్మతో ఒక బోర్డు పెట్టించండి. అందులో తెలుగులోనూ నాలుగు ముక్కలుంటే మరీ సంతోషం.

ఇట్లు,
ఎగ్మూరు తెలుగువాడు