కమిషనర్ గారూ, ఆక్యుపెన్సీ ఇచ్చే ముందు ఒకసారి డాబా ఎక్కించండి

మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారం. నగరంలో సోలార్ వాటర్ హీటర్లు బిగించే మెకానిక్కులం, భవనాల డిజైన్ చూసే ఇంజనీర్లం కలిసి రాస్తున్న ఉత్తరమిది. కొత్త అపార్టుమెంటుకో, హోటలుకో, ఆసుపత్రికో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో దిగవచ్చనే అనుమతి పత్రం) ఇచ్చే ముందు మీ సిబ్బంది డాబా ఎక్కి సోలార్ ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూడాలని మా విన్నపం. ప్లానులో గీసింది ఒకటి, పైన బిగించింది ఇంకొకటి అవుతోంది.

100 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాగాలంటే గీజరు 4 యూనిట్ల పైనే కరెంటు తాగుతుంది. మంచి ఎండ ఉన్న రోజున 2 చదరపు మీటర్ల ఫ్లాట్ ప్లేట్ కలెక్టరుతో, అంటే ఎండను పట్టి నీళ్లు కాచే చదును పలకతో, ఆ పని అయిపోతుంది. కలెక్టరు దక్షిణం వైపు తిరిగి, సుమారు 28 డిగ్రీల వాలులో ఉంటే చలికాలపు ఎండ బాగా అందుతుంది. పంపు లేని రకంలో వేడినీళ్ల ట్యాంకు అడుగు, కలెక్టరు పై అంచుకు కనీసం ఒక అడుగు ఎత్తున ఉండాలి. అది తగ్గితే రాత్రిపూట నీళ్లు వెనక్కి తిరిగి, పగలంతా కాగినవి తెల్లారేసరికి చల్లారిపోతాయి. వేడినీళ్ల ట్యాంకులోని గాలి బయటికి పోయే గొట్టం ఓవర్‌హెడ్ ట్యాంకు నీటిమట్టం దాటి పైకి లేవాలి, లేదంటే అందులోంచి నీళ్లు పొర్లిపోతూనే ఉంటాయి.

ఐదంతస్తుల భవనంలో కింది ఫ్లాటువాళ్లు పైపులో నిలిచిన చల్లనీళ్లన్నీ వదిలితే గాని వేడినీళ్లు రావు. రోజూ ఇదే తంతు కావడంతో విసిగిపోయి గీజర్లు కొనేస్తున్నారు. పైపులకు ఇన్సులేషన్, పైపులో చల్లారిన నీళ్లను తిరిగి ట్యాంకుకు చేర్చే ఒక రిటర్న్ లైను, టైమరుతో తిరిగే చిన్న పంపు ఉంటే ఈ బాధ తీరుతుంది. బిల్డరు మిగుల్చుకునేది సరిగ్గా ఇక్కడే.

కలెక్టరుకు బదులు గాజు ట్యూబులుండే హీటర్లలో, బోరు నీళ్లు వాడేచోట ఆ ట్యూబుల్లో సున్నం పేరుకుంటుంది. అలాంటి చోట హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న రకమే (వాడే నీళ్లు ట్యూబుల్లోకి పోకుండా, వేడి మాత్రమే వాటికి అందే రకం) పెట్టించాలి. ట్యాంకుకు బదులు తాను తుప్పుకు అరిగే మెగ్నీషియం రాడ్డును ఏడాదికోసారి తీసి చూడాలి. అది అరిగిపోయాక ఆ తుప్పు ట్యాంకుకే పడుతుంది.

సముద్రపు గాలి సంగతి వేరే చెప్పాలి. గాల్వనైజ్ చేసిన (జింకు పూత వేసిన) ఇనుప స్టాండును డాబా మీద కోసి, కన్నాలు వేస్తే ఆ కోసిన అంచుల దగ్గరే తుప్పు మొదలవుతుంది. అల్యూమినియం ఫ్రేముకు మామూలు ఇనుప బోల్టులు వేస్తే ఉప్పు తేమకు బోల్టు తగిలిన చోట అల్యూమినియం తినేసుకుపోతుంది. బీచ్ రోడ్డు వైపు 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులే వాడాలి. భవనాల మీద పడే భారాలకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం విశాఖలో లెక్కకు తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానును చూసిన ఊరిలో స్టాండును ఉత్త సిమెంటు దిమ్మల మీద నిలబెట్టడం ప్రాణాలతో చెలగాటం. శ్లాబులోకి యాంకర్ బోల్టులు దించి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చెయ్యాలి.

ఇక చల్లదనం. మే రెండో వారం నుంచి జులై ఆఖరి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. ఆ రోజుల్లో వేడంతా శ్లాబు మీద, తూర్పు పడమటి గోడల మీద పడుతుంది. పడమటి వైపు నిలువెల్లా అద్దాలు పెట్టి, ఆ తరువాత ఏసీలు పెంచుకుంటూ పోవడం మాకు బాధగా ఉంటుంది. ఈ ఉక్కపోతలో నీళ్ల కూలర్లు ఎలాగూ పనిచెయ్యవు. డాబాకు తెల్ల టైలు ముక్కలు పరిస్తే ఏళ్ల తరబడి ఉంటాయి. సున్నం చవకే గాని వానలకు కొట్టుకుపోతుంది. ఏది వేసినా పాచి, దుమ్ము పడితే తెలుపు పోతుంది కనుక ఫిబ్రవరిలో ఒకసారి కడగాలి. ఒక కిలోవాట్ సోలార్ ప్యానెళ్లు సుమారు 100 చదరపు అడుగుల స్థలంలో రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి, కింద గాలి ఆడేలా బిగిస్తే శ్లాబుకు నీడా అవుతాయి. ఏసీలు పగలే తిరిగే ఆఫీసులకు ఇది చక్కగా సరిపోతుంది. ముడసర్లోవ జలాశయం నీళ్ల మీద 2 మెగావాట్ల సోలార్ ప్లాంటు తేల్చిన నగరం తన వార్డు ఆఫీసుల డాబాలతో మొదలుపెట్టవచ్చు.

తనిఖీకి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఎండ ఉన్న రోజు సాయంత్రం 4 గంటలకు ఒకసారి, మర్నాడు ఉదయం 6 గంటలకు మరోసారి, అట్టడుగు అంతస్తు కుళాయి తిప్పి థర్మామీటరు పెట్టాలి. వేడినీళ్లు రావడానికి ఎన్ని లీటర్లు వదలాల్సి వచ్చిందో కూడా రాసుకోవాలి. ఆ మూడు అంకెలూ ఫైల్లో లేకుండా సర్టిఫికెట్ మీద సంతకం చెయ్యొద్దని మా మనవి.

ఇట్లు,
విశాఖ సోలార్ మెకానిక్కులు, భవన ఇంజనీర్లు