గుడాల బండి దగ్గర కాళ్లెందుకు ఆగుతాయి?

ఎడిటర్ గారికి నమస్కారం.

తాగుడు మానలేనివాళ్ల గురించి పేపర్లో ఎప్పుడు చూసినా ఒకటే మాట, మనసు గట్టిగా ఉంటే మానొచ్చు అని. మా ఇంట్లో మేమూ అదే అన్నాం, అని తర్వాత సిగ్గుపడ్డాం.

మా చిన్నాయిన కొడుకు హైదరాబాద్‌లో నలభై రోజులు వైద్యం చేయించుకుని వచ్చాడు. కల్వకుర్తి దాటాక మా స్టేజీలో బస్సు దిగేదాకా బాగానే ఉన్నాడు, తీసుకురావడానికి వెళ్లింది నేనే. స్టేజీ పక్కన బెల్టు షాపు, దాని ముందు గుడాల బండి, అదే ఉడకబెట్టిన శనగలమ్మే బండి. వాడు షాపు వైపు కన్నెత్తి చూడలేదు. బండాయన శనిగె గుడాల్లో ఉల్లిగడ్డ వేసి నిమ్మకాయ పిండుతుంటే ఆ వాసన తగిలింది, అంతే, సంచి కింద పెట్టి నిలబడిపోయాడు, నుదుటి మీద చెమట. "అన్నా, నాకు తాగాలని లేదే, కాళ్లే కదలట్లేవు" అన్నాడు. రాత్రి పదింటికి వెతుక్కుంటూ పోతే అక్కడే దొరికాడు.

ముప్పై ఏళ్లు బయాలజీ చెప్పిన వాణ్ణి కాబట్టి ఆ మాట నన్ను వదల్లేదు. ల్యాబుల్లో ఎలుకలతో ఒక ప్రయోగం చేస్తారు. పెట్టెలో రెండు గదులు, ఒకదాని నేల ఒక రకం, రెండోదాని నేల ఇంకో రకం. ఒక గదిలో ఉన్నప్పుడే ఆల్కహాల్ ఎక్కిస్తారు, రెండోదాంట్లో ఉత్త ఉప్పునీరు. కొన్నాళ్లకు ఏదీ ఎక్కించకుండా వదిలేస్తే చాలా ఎలుకలు ఆల్కహాల్ దొరికిన గదిలోనే ఎక్కువసేపు తిరుగుతాయి. చుక్క లేదు, ఉన్నది ఆ నేల ఒక్కటే. మా తమ్ముడికి గుడాల బండి ఆ నేలే కదా!

అసలు సంగతి మెదడులో ఉంది. గంజాయిలోని మత్తు పదార్థం వెళ్లి అతుక్కునే గ్రాహకం ఒకటుంది, అంటే కణం మీద తాళంకప్ప లాంటిది, పేరు సీబీ1, దాన్ని 1990లో గుర్తించారు. దానికి అతుక్కునే పదార్థాన్ని మన మెదడే తయారుచేసుకుంటుందని 1992లో తేలింది. దాని పేరు అనాండమైడ్, మన ఆనందమనే మాటలోంచి పెట్టిందే. ఇలాంటి పదార్థాలు వెనక్కి ప్రయాణిస్తాయి. కాలువ చివర రైతు తన మడి నిండగానే "చాలు, తూము మూయి" అని పైకి కేకేస్తాడు చూడండి, అట్లా సందేశం అందుకున్న కణం పంపిన కణాన్ని ఆపుతుంది. డోపమైన్ అంటే 'ఇది మళ్లీ కావాలి' అనిపించే రసాయనం. దానికి బ్రేకు వేసే కణాలకు ఆ కేక అందితే బ్రేకు వదులై, డోపమైన్ పెరుగుతుంది. దీనికీ తాగుడికీ సంబంధం ఉందా అని చూస్తే, సీబీ1 లేకుండా పుట్టించిన ఎలుకల్లో, చాలా ప్రయోగాల్లో, తాగుడు తగ్గింది, ఆ గది మీద మోజూ తగ్గింది. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో పాదాలకు కరెంటు షాకిచ్చి టెన్షన్ పెడితే మామూలు ఎలుకలు ఎక్కువ తాగాయి, సీబీ1 లేనివి మాత్రం పెంచలేదు. ఇక ఒంటరిగా పెరిగిన ఎలుకలు ఎక్కువ తాగడం, తోడు, చక్రాలు, సొరంగాలు ఉన్న పంజరంలో ఆల్కహాల్ మోజు తగ్గడం కూడా పలు ప్రయోగాల్లో కనిపించాయి.

ఇది చదివి ఎవరైనా "అయితే గంజాయి పీలిస్తే మందు మానొచ్చు" అనుకుంటే కొంప మునుగుతుంది. ఆ గ్రాహకాన్ని రెచ్చగొట్టే మందులిస్తే ఎలుకలు ఇంకా ఎక్కువ తాగిన ప్రయోగాలున్నాయి. పోనీ దాన్ని మూసేద్దామా అంటే అదీ చూశారు. రిమోనాబాంట్ అనే మందు ఎలుకల తాగుడు తగ్గించింది, 2006లో యూరప్‌లో ఊబకాయానికని అమ్మకానికి వచ్చింది, మనుషుల్లో దిగులు, ఆత్మహత్య ఆలోచనలు పెంచుతోందని 2008లో ఆపేశారు. తాగుడు మానినవాళ్లు మళ్లీ మొదలుపెట్టకుండా ఆపుతుందేమోనని దాన్ని పరీక్షిస్తే అక్కడా చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఆనందాన్నే మూసేస్తే దిగులు రాదా మరి.

ఇంకో మాట. మన పాలమూరు వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి నిద్రమత్తు మందులు కలుస్తాయి, దాని లెక్క వేరు, ఎలుకల సంగతి దానికి అట్లే అంటగట్టలేం. 2015లో దాడులు చేసి ఒక్కసారిగా ఆపేసినప్పుడు ఎంతమంది వణుకుతూ, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు చేరారో మీ పత్రికవాళ్లకు తెలియనిది కాదు. ఇంట్లోవాళ్లు తలుపేసి మాన్పించొద్దు, డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాలి.

మా తమ్ముడికి మళ్లీ వైద్యం చేయించాం. ఇప్పుడు ఒక స్టేజీ ముందే దిగి చెరువుకట్ట మీదుగా నడిచొస్తాడు, రెండు కిలోమీటర్లు. పక్కన ఎవరో ఒకరం ఉంటాం. గుడాలు కావాలంటే మా వదిన ఇంట్లోనే చేస్తుంది, వాడు మాత్రం ముట్టడు, వాసనకే లేచి బయటికి వెళ్తాడు.

బెల్టు షాపుల మీద దాడుల వార్తలు జిల్లా పేజీలో వేస్తూనే ఉంటారు కదా, ఈసారి ఎన్ని సీసాలు పట్టుకున్నారన్న దాంతో పాటు, ఆ షాపు బస్సు స్టేజీకి ఎన్ని అడుగుల దూరంలో ఉందో కూడా రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బయాలజీ టీచరు,
కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా