ఎడిటర్ గారూ, బీఆర్ఎంలో ఫస్ట్ ప్రైజ్ ఉండదండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ సిటీ పేజీలో "200 కిలోమీటర్ల సైకిల్ రేసు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌కి మొదటి స్థానం" అని వేశారు. సైకిల్ తొక్కేవాళ్ల గురించి రాసినందుకు ముందు థాంక్స్, మామూలుగా మన పేపర్లలో సైకిల్ అంటే ఎన్నికల గుర్తే కదా. కానీ అది రేసు కాదండి. దాన్ని బీఆర్ఎం అంటారు, అంటే ఇచ్చిన టైమ్ లోపల ఇంత దూరం తొక్కి రావాలనే రైడ్, అందులో ఫస్ట్, సెకండ్ లాంటివేం ఉండవు.

తెల్లవారుజామున చేతికి ఒక బ్రెవే కార్డు, అంటే రైడ్ రికార్డు కార్డు, ఇస్తారు. దారిలో కంట్రోల్స్, అంటే చెక్‌పాయింట్లు, ఉంటాయి, అక్కడ దాని మీద స్టాంపు వేయించుకోవాలి, కొన్నిచోట్ల హోటల్ బిల్లో ఏటీఎం స్లిప్పో చూపిస్తే చాలు. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, 300 కి 20 గంటలు, 400 కి 27, 600 కి 40. ఆ లోపల వస్తే పాస్, రాకపోతే ఫెయిల్, అంతే. మరీ ముందొచ్చినా లాభం లేదు, 200 కి ఫినిష్ కంట్రోల్ 5 గంటల 53 నిమిషాలు దాటితే గానీ తెరవరు. ఈ రైడ్‌లని గుర్తించే ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అని ఫ్రాన్స్‌లో ఉంది, ఫినిష్ అయిన ప్రతి ఒక్కరికీ వాళ్లు నంబర్ ఇస్తారు, టైమ్ రాసుకుంటారు, ర్యాంకు మాత్రం ఇవ్వరు. 13 గంటల 20 నిమిషాలకి కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చినాయనకి, మీరు ఫోటో వేసిన కుర్రాడికి రికార్డులో ఒకటే లెక్క.

తప్పంతా మీదే అనను. మీ రిపోర్టర్‌కి "ఫస్ట్ నేనే" అని చెప్పింది మావాళ్లే అయ్యుంటారు. ఆదివారం రైడ్ అయిపోయిందంటే సోమవారం పొద్దున్నుంచి అందరిదీ ఒకటే మాట, ఎంతలో కొట్టావ్ బ్రో, ఎంతలో కొట్టావ్. అడగడంలో తప్పు లేదు, నాకూ సరదానే, కానీ ఏ టైమ్ గురించి మాట్లాడుతున్నామో ఎవరూ చెప్పరు, గొడవంతా అక్కడే. ఒకాయన ఎనిమిది గంటల్లో కొట్టా అంటాడు. రైడ్‌ని రికార్డు చేసే స్ట్రావా యాప్‌లో చూస్తే నిజమే, 25 స్పీడు, 8 గంటలు. కానీ అది మూవింగ్ టైమ్. చక్రం తిరిగినంతసేపే లెక్కేస్తుంది. ఇడ్లీ తిన్నంతసేపు, పంక్చర్ వేసుకున్నంతసేపు, మర్రిచెట్ల కింద ఫోటోలు దిగినంతసేపు అది ఆగిపోయి ఉంటుంది. బ్రెవే కార్డు మాత్రం ఇడ్లీ కోసం ఆగదు, కార్డు మీద 10 గంటల 20 నిమిషాలు ఉంటుంది. పక్కనే ఇంకొకాయన, పాపం 22 స్పీడు దాటడు, 9 గంటల 5 నిమిషాలు తొక్కుతాడు, దారి మొత్తం మీద 45 నిమిషాలే ఆగుతాడు, 9 గంటల 50 నిమిషాలకల్లా వచ్చేసి చెప్పులేసుకుని టీ తాగుతుంటాడు. నెమ్మదిగా తొక్కినాయన అరగంట ముందొచ్చాడు! కానీ మా గ్రూపులో అందరూ ట్రైనింగ్ టిప్స్ అడిగేది మొదటాయన్నే.

పైగా ఒకే రూట్ అయినా అందరికీ ఒకటే రైడ్ కాదు. జూన్, జులైలో హైదరాబాద్ నుంచి జహీరాబాద్ వైపు వెళ్తే పడమటి గాలి మొహాన కొడుతుంది, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది. ఎదురుగాలిలో ఎవడి వెనకో దూరి తొక్కితే శ్రమలో పావు వంతుకి పైనే మిగులుతుంది, స్పీడు పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికే బలమంతా పోతుంది కాబట్టి. అంటే ఆరుగురు కలిసి వంతులేసుకుని లాగినోళ్ల టైమ్, ఒంటరిగా వెళ్లినాయన టైమ్ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. డిసెంబర్ టైమ్ తెచ్చి ఏప్రిల్ ఎండలో తొక్కినోడి మీద పెట్టినా అంతే. తొమ్మిది కిలోల కార్బన్ బండి ఒకరిది, క్యారియర్ ఉన్న పధ్నాలుగు కిలోల హైబ్రిడ్ ఇంకొకరిది. ఇవేమీ లేకుండా ఊరికే "7:55" అని పెడితే అదేం చెప్పినట్టు?

ట్రైనింగ్ సంగతికొస్తే ఇంకా కామెడీ. ఇంటర్ పరీక్షల ముందు "ఏం చదవలేదురా" అని చెప్పి స్టేట్ ర్యాంకు కొట్టేవాళ్లు ఉంటారు చూడండి, అదే బ్యాచ్ ఇక్కడికొచ్చింది. "ఏం ప్రాక్టీస్ లేదన్నా, ఊరికే వచ్చా" అంటాడు, ఇంట్లో ట్రైనర్ మీద, అదే సైకిల్‌ని కదలకుండా బిగించే స్టాండు మీద, ఫ్యాన్ పెట్టుకుని రోజూ రాత్రి గంట తొక్కుతాడు, పవర్ మీటర్ ఉంటుంది, ఎఫ్‌టీపీ, అంటే దాదాపు గంటసేపు నిలబెట్టగలిగే బలం, ఎంతో వాట్లతో సహా తెలుసు. అది విని కొత్తగా వచ్చిన పిల్లలు నిజంగానే ప్రాక్టీస్ లేకుండా వచ్చి నూట ఇరవయ్యో కిలోమీటర్ దగ్గర బస్ షెల్టర్‌లో పడుకుంటారు. చాలాసార్లు అది కాళ్లలో బలం లేక కాదు, తిండి లేక. గంటకి కనీసం 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ పడాలి, అంటే రెండు అరటిపళ్లో, ఒక అరటిపండు, ఒక చిక్కీ ముక్కో, ఆకలి వేయకముందే. ఆకలేసిందంటే అప్పటికే ఆలస్యం అయిపోయినట్టు. వారం మొత్తం ఆఫీసు, ఆదివారం ఒక్కరోజు ప్రాణం పోయేలా తొక్కడం అనేది మనోళ్ల ఫేవరెట్ ట్రైనింగ్, దానికంటే మాట్లాడుకుంటూ తొక్కగలిగే స్పీడులో వారానికి మూడు నాలుగు రోజులు తొక్కితే 200 హాయిగా అయిపోతుంది. ఓఆర్ఆర్ పక్కన సోలార్ రూఫ్‌తో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో తెరిచారు కదా, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉండేవాళ్లు లారీల భయం లేకుండా ఈ పని అక్కడే చేసుకోవచ్చు.

స్పీడే అంతా కాదు అనడానికి ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ రైడ్ చాలు. 1200 కిలోమీటర్ల పైన, ఎక్కువమంది తీసుకునే టైమ్ లిమిట్ 90 గంటలు, నాలుగేళ్లకోసారి జరుగుతుంది. 2019లో మన దేశం నుంచి వందల మంది వెళ్లారు, చాలామంది టైమ్‌లో ముగించలేకపోయారు. ఇక్కడ 600 కొట్టొచ్చిన వాళ్లే వాళ్లంతా, తొక్కడం రాక కాదు. రాత్రుళ్లు చలి, బ్రెస్ట్ వైపు ఎదురుగాలి, ఆగకుండా వచ్చే ఎత్తుపల్లాలు, ఎప్పుడు పడుకోవాలో ఎంతసేపు పడుకోవాలో తెలియకపోవడం. మళ్లీ 2027లో ఉంది, అదే ఏడాది 200, 300, 400, 600 అన్నీ పూర్తి చేసినవాళ్లకే ఎంట్రీ, అందుకే కొత్తవాళ్లు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నారు. అన్నట్టు దాన్ని 1891లో మొదలుపెట్టింది మీలాంటి పేపర్ ఎడిటరే, పియర్ గిఫార్ అని, ల పెతీ జుర్నాల్ అనే పేపర్. అప్పుడు మాత్రం నిజంగా రేసే, షార్ల్ తెరాన్ 71 గంటల 22 నిమిషాల్లో గెలిచాడు. మావాళ్లకి దొరికింది మాత్రం 1931లో మొదలైన రాండొన్యూర్ పద్ధతి, అంటే ఎవరి స్పీడులో వాళ్లు తొక్కే పద్ధతి, గెలుపు లేదు, లిమిట్ ఒక్కటే.

నేను ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, బీఆర్ఎం రోజు రోడ్డు ఎవరూ మూయరు. ముంబై హైవే మీద బస్సులు, లారీలు, రాంగ్ సైడ్‌లో వచ్చే బైకులు, వెనక లైటు లేని ట్రాక్టర్లు, అన్నిటి మధ్యే తొక్కాలి. దాన్ని రేసు అని పేపర్లో వేస్తే వచ్చేసారి నలుగురు కుర్రాళ్లు సంగారెడ్డి సిగ్నల్ దగ్గర ఆగరు, ఎందుకంటే రేసులో ఎవడాగుతాడు. ఇళ్లలో ఇంకో తలనొప్పి, మీ వార్త చదివి మా అత్తయ్యగారు ఫోన్ చేసి మరీ అడిగారు, "బాబూ, ఈ వయసులో హైవే మీద రేసులేంటి" అని. ఏం చెప్పాలి?

కాబట్టి ఎడిటర్ గారూ, వచ్చేసారి ఇలాంటి రైడ్ గురించి వేస్తే ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది టైమ్‌లో వచ్చారు, లిమిట్ ఎంత అనేది వేయండి. పేర్లు వేయాలనుకుంటే అక్షర క్రమంలో వేయండి. వీలైతే అందరికంటే చివర వచ్చినాయనతో ఒక నాలుగు మాటలు మాట్లాడించండి, ఎండలో అందరికంటే ఎక్కువసేపు రోడ్డు మీద ఉన్నది ఆయనే కాబట్టి చెప్పడానికి ఆయన దగ్గరే ఎక్కువ ఉంటుంది. రోడ్డు మూసి, టైమ్ లెక్కకి చిప్ కట్టి పెట్టే అసలు రేసులు వేరే ఉన్నాయి, వాటికి ఫస్ట్, సెకండ్ ఎంత పెద్ద అక్షరాల్లో వేసినా మాకు ఓకే.

ఇంకొక్కటి. ఆ ఫోటో కింద "విజేతకు ఇచ్చే పసుపు జెర్సీలో" అని రాశారు. అది రాత్రిపూట లారీవాళ్లకి కనపడాలని వేసుకునే రిఫ్లెక్టివ్ వెస్ట్ అండి. ఆ రోజు మాలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒకటి ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
మియాపూర్, హైదరాబాద్