మర్యాద పాఠాలకు ఎలిమినేషన్ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

దురుసుగా, గోలగా ఉండే అమ్మాయిల్ని ఓ బంగళాలో ఉంచి, కొన్ని వారాలపాటు పాతకాలపు మర్యాదలు నేర్పి, వారానికొకరిని ఇంటికి పంపేసే విదేశీ రియాలిటీ షోలు చూసి, ‘మన తెలుగులోనూ ఇలాంటిదొకటి వస్తే బాగుణ్ణు’ అనే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. మేం విశాఖలో కాలేజీ పిల్లలకూ, హోటళ్లలో, విమానాల్లో ఉద్యోగాలకు వెళ్లేవారికీ మాటతీరు, నడక, భోజనం దగ్గరి పద్ధతులు నేర్పుతుంటాం. మాలో ఇద్దరు టీవీ ఎడిటింగ్ పనిచేశారు. మర్యాద నేర్పాలనడం మీద మాకు ఏ అభ్యంతరమూ లేదు, మేం తినే తిండి దాని మీదే. కానీ ఈ షోల పద్ధతిలో అది రాదని, వచ్చే నష్టం మాత్రం ఆ పిల్లలకు ఏళ్ల తరబడి ఉండిపోతుందని చెప్పడానికే ఈ ఉత్తరం.

వీటిలో బాగా పేరు పడ్డది బ్రిటన్‌లో ఐటీవీ ఛానెల్ 2005లో మొదలుపెట్టిన ‘లేడెట్ టు లేడీ’. మగవాళ్లతో సమానంగా తాగుతూ, బూతులు మాట్లాడుతూ తిరిగే యువతుల్ని 1990ల్లో అక్కడి పత్రికలు ‘లేడెట్’ అనేవి. ఆ షో తీసిన డరమ్ కౌంటీలోని ఎగుల్‌స్టన్ హాల్ ఒకప్పుడు నిజంగానే పెద్దింటి ఆడపిల్లలకు మర్యాదలు నేర్పే ఫినిషింగ్ స్కూలు. షోలో అక్కడ ఐదు వారాలు వంట, కుట్టు, పూల అలంకరణ, నడక, ఉచ్చారణ నేర్పేవారు. కొన్ని రోజులు నేర్పడం, గొప్పింటి అతిథుల ముందు విందు పెట్టించడం, తప్పు చేసినవాళ్లను నిలబెట్టి ఒకరిని పంపేయడం. తర్వాత ఆస్ట్రేలియా అమ్మాయిల్ని తెచ్చి అదే చేశారు. 2009లో అమెరికాలో ఎంటీవీ ‘ద గర్ల్స్ ఆఫ్ హెడ్సర్ హాల్’ పేరుతో ఇదే దారి పట్టింది.

అక్కడ ఉచ్చారణ పాఠమంటే పెద్ద కులీన కుటుంబాల ఇంగ్లిష్ యాస నేర్పడం. దాన్ని ఇక్కడికి తెస్తే ఏమవుతుందో ఆలోచించండి. మన ఊరి ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే చేపల పాట మొదలవుతుంది. పడవల మోటార్ల హోరులో, ఐస్ గడ్డలు పగలగొట్టే చప్పుడులో ధర వినబడాలంటే ఆడవాళ్లు గొంతెత్తక తప్పదు. ఆ ఇళ్లలో పెరిగిన అమ్మాయి గట్టిగా మాట్లాడితే అది పని నేర్పిన గొంతు. ‘ఏటే’, ‘ఒలే’ అనడం ఉత్తరాంధ్ర ఇళ్లలో ముద్దుగా పిలుచుకోవడమే. కెమెరా ముందు వీటిని రౌడీతనం ఖాతాలో వేసి, పుస్తకాల తెలుగును మర్యాద ఖాతాలో వేస్తే, నేర్పేది మర్యాద అవదు. ఆ పిల్లకు తన అమ్మ మీద సిగ్గు కలిగించినట్టవుతుంది. మేం యాసను ముట్టుకోం. గొంతు ఎంత ఎత్తాలి, ఎప్పుడు ఎత్తాలి అన్నదే నేర్పుతాం.

దానికి కాస్త ఓపిక కావాలి. ఇద్దరిని చెయ్యి చాపినంత దూరంలో కూర్చోబెట్టి రెండు నిమిషాలు మాట్లాడించాలి. తర్వాత మూడు మీటర్లు, తర్వాత గదికి ఆ చివర ఈ చివర. ప్రతిసారీ ఫోన్‌లో రికార్డు చేసి వాళ్లకే వినిపించాలి. తన గొంతు దగ్గరి మనిషికి ఎంత పెద్దగా చేరుతోందో చాలామందికి వినేదాకా తెలియదు. ఎదుటివారి మాట పూర్తయ్యాక మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టి మాట్లాడటం అలవాటు చేయాలి. బూతు విషయంలో ‘మానెయ్’ అంటే ఎవరూ మానరు. మొదటివారం మానమనం, ఎన్నిసార్లు నోరు జారిందో, ఎవరి ముందు, ఏ కోపంలో జారిందో చిన్న పుస్తకంలో గీతలు పెట్టమంటాం. రెండోవారం ఆ సందర్భాల్లో రెండింటిని ఎంచుకుని, అక్కడ ఏం అనాలో ముందే సిద్ధం చేసుకుంటారు. రోజుకు పదిహేను ఇరవై సార్లు, మూడు నాలుగు వారాలు ఇలా చేస్తేనే పట్టుబడుతుంది. టీవీకి ఇదంతా విసుగు. దానికి కావలసింది మొదటిరోజు నోరు జారిన క్షణం ఒక్కటే.

చీర సంగతి తీసుకోండి. జారిపోయే పట్టుచీర చేతికిచ్చి ‘ఐదు నిమిషాల్లో కట్టు’ అంటే నవ్వులపాలు కావడం ఖాయం, అది ముందే తెలిసి ఇస్తారు. మొదటిసారి కట్టేవాళ్లకు గంజి పెట్టిన నూలుచీర ఇవ్వాలి. వేసుకోబోయే చెప్పులు ముందే వేసుకోవాలి, లేకపోతే చివరకు చీలమండ బయటపడుతుంది. లోపలి లంగా బొందు గట్టిగా బిగించాలి, వదులుగా ఉంటే కుచ్చిళ్ల బరువుకు మొత్తం కిందికి దిగిపోతుంది. కుడివైపు దోపుకుని ఒక చుట్టు తిప్పాక, కుచ్చిళ్లకు పోకుండా ముందు పమిట కొలుచుకోవాలి. భుజం మీదుగా వెనక మోకాలి దాకా వదిలి, మిగిలిన గుడ్డతోనే కుచ్చిళ్లు పెట్టాలి. ఐదంగుళాల వెడల్పున ఐదు నుంచి ఏడు కుచ్చిళ్లు వస్తాయి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, అందుకే పమిట చాలక తంటాలు పడతారు. దోపడానికి ముందే కుచ్చిళ్లను ఒక పిన్నుతో బిగిస్తే, మెట్లెక్కినా చెదరవు.

విస్తరి భోజనమూ అంతే. అరిటాకు కొస తినేవారికి ఎడమవైపు ఉండాలి. పక్కవాళ్లకు వడ్డన అయ్యేదాకా, పెద్దలు మొదలుపెట్టేదాకా ఆగాలి. చాలనుకుంటే ఆకు మీద కొంచెం ఎత్తులో అరచెయ్యి చాపి ‘చాలండీ’ అనాలి, అన్నం పెట్టాక ‘ఇంత ఎందుకు వేశారు’ అనకూడదు. చారు పారకుండా అన్నం మధ్యలో గుంట చేసుకోవాలి. పంక్తిలో అందరూ పూర్తి చేసేదాకా లేవకూడదు. ఆకు మడిచే తీరు మాత్రం ఊరికో రకం, ఇంటి పెద్దలు ఎలా మడిచారో చూసి చేయడమే పద్ధతి. బల్ల భోజనంలో స్పూన్లు బయటి నుంచి లోపలికి వాడుకుంటూ రావాలని నేర్పడం సులువే. వడ్డించే అబ్బాయిని ‘ఏయ్’ అనకుండా ‘బాబూ’ అని పిలవడం అలవాటు చేయడానికే ఎక్కువ రోజులు పడుతుంది. అయితే పేరంటాల్లో అందరికీ బొట్టు పెట్టి, భర్త పోయినామెను దాటేసి వెళ్లడం కూడా సంప్రదాయం పేరుతోనే జరుగుతోంది. అలాంటిది మేం నేర్పం, ఎవరూ నేర్పకూడదు.

ఇక ఎడిటింగ్. ముప్పావుగంట ఎపిసోడు వెనక చాలా కెమెరాల్లో రోజుల తరబడి తీసిన ఫుటేజి ఉంటుంది. ఒకరు తుమ్మబోతూ ముఖం ముడిచిన షాటు, ఇంకొకరు మాట్లాడుతుంటే మధ్యలో పెడితే అసహ్యించుకున్నట్టు కనబడుతుంది. ప్రశ్న తీసేసి జవాబు మాత్రమే ఉంచితే, అడిగితే ఒప్పుకున్న మాట తానే ఎగబడి అన్నట్టవుతుంది. వేర్వేరు రోజుల మాటల్ని అతికి ఒక వాక్యం చేస్తారు. చూసేవాళ్లు దీన్ని పసిగట్టవచ్చు. మాట సగంలో ఉండగా ముఖం వదిలి చేతుల్నో, గోడనో చూపించారా? మాట మధ్యలో వెనక ఫ్యాను చప్పుడు మారిందా? విడిగా కూర్చోబెట్టి మాట్లాడించే చోట వారాలు మారినా అవే బట్టలుంటే, ఏ రోజు మాటనైనా ఎక్కడైనా అతికేందుకే.

పాల్గొనే అమ్మాయిలు సంతకానికి ముందు ఒప్పందం తెలుగులో అడిగి తీసుకోవాలి, ఇంట్లో చదువుకునే గడువు అడగాలి. మధ్యలో వచ్చేస్తే జరిమానా ఎంత, ముక్కలు యూట్యూబులో ఎన్నేళ్లు ఉంటాయి, ప్రసారం తర్వాత కౌన్సెలింగ్ ఎవరిస్తారు అన్నవి రాయించుకోవాలి. బ్రిటన్‌లో పాల్గొనేవారి క్షేమం చూసే నిబంధనల్ని అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2021 ఏప్రిల్లో అమల్లోకి తెచ్చింది. అలాంటి రక్షణ ఇక్కడ ఒప్పందంలో ఉంటేనే ఉన్నట్టు.

ఇంకో మాట. మన దగ్గర కుమారీ శతకం ఉంటే పక్కనే కుమార శతకమూ ఉంది. మగపిల్లలకూ బుద్ధులు చెప్పాలని మన పెద్దలకు తెలుసు. బీచ్ రోడ్డులో సైలెన్సర్ తీసేసి బైకులు నడిపే కుర్రాళ్లకు లేని బంగళా పాఠాలు అమ్మాయిలకే ఎందుకని ఏ ఛానెలైనా ముందు తనను తాను అడగాలి.

స్త్రీలను కించపరిచే ప్రసారాలు కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనలు, 1994లోని ఆరో నిబంధన ప్రకారం చెల్లవు. 2021 జూన్ సవరణ తర్వాత వీక్షకులు నేరుగా ఛానెల్‌కు ఫిర్యాదు రాయవచ్చు. 24 గంటల్లో అందినట్టు జవాబివ్వాలి, 15 రోజుల్లో తేల్చాలి. సంతృప్తి లేకపోతే మరో 15 రోజుల్లోగా ఆ ఛానెల్ సభ్యత్వమున్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. ‘బాగా లేదు’ అని రాస్తే పక్కన పడేస్తారు. షో పేరు, ప్రసారమైన తేదీ, ఎన్నో నిమిషంలో ఏ దృశ్యం, ఏ మాట, అది ఎవరినెలా కించపరిచింది అన్నది రాసి, ఆ ముక్క స్క్రీన్ రికార్డింగ్ జత చేయండి.

ఇట్లు,
మాటతీరు, మర్యాదల శిక్షకులు,
విశాఖపట్నం