సెలవుల భోజనం: వండే ముందు అడగవలసిన మాట

గౌరవనీయులైన తల్లిదండ్రులకు,

నమస్కారం. పరీక్షలు ముగిశాయి, జవాబు పత్రాలు దిద్దడం కూడా చివరికొచ్చింది, ఇంకొన్ని రోజుల్లో సెలవులు మొదలవుతాయి. ఏటా ఈ సమయానికి మీలో కొందరు నా గదికి వచ్చి, ఇబ్బందుల్లో ఉన్న ఏదైనా కుటుంబానికి పండుగ భోజనం ఏర్పాటు చేయాలని ఉంది, ఎలా చేయమంటారు అని అడుగుతుంటారు. ఈసారి అటువంటి కుటుంబం ఒకటి ఉంది, అదీ చాలా పెద్ద కుటుంబం. అది ఎవరిదో ఈ లేఖలో రాయను, ఎదురుగా అడిగినా చెప్పను. ఆ ఇంటి పిల్లలు రేపు మీ పిల్లల పక్కన అదే బెంచీ మీద కూర్చోవలసినవాళ్లు కాబట్టి, ఈ విషయంలో నన్ను మొహమాటపెట్టవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను.

రెండేళ్ల కిందట మనం ఇదే పని చేశాం, సరిగా చేయలేదు. ఆ తప్పులో ఎక్కువ పాలు నాదే. ఏడు ఇళ్లవాళ్లు వండి తెస్తామన్నారు, నేను సంతోషంగా సరేనన్నాను గాని, ఎవరు ఏది తెస్తున్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోలేదు. తీరా ఆ రోజు చూస్తే నాలుగు గిన్నెల నిండా తీపి పదార్థాలే ఉన్నాయి, కూరగాయలు ఒక్క గిన్నెలోనూ లేవు. భోజనం ఆ ఇంటికి మధ్యాహ్నం ఒంటి గంటకు చేరింది, కాని ఇంట్లో సగం మంది పనులు ముగించుకుని రాత్రికి గాని తిరిగి రారన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు. వాళ్లు వచ్చేదాకా పెద్ద గిన్నెలోని అన్నాన్ని మూత తీయకుండా అలాగే ఉంచారు. తెల్లవారేసరికి అది జిగటగా మారి వాసన వేసింది. ఇరుగుపొరుగు లేవకముందే దాన్ని పారబోసి, గిన్నె తళతళలాడేలా తోమి, మాకు తిప్పి పంపించారు. ఈ విషయం ఆ తల్లి నాకు చాలా నెలల తర్వాత, బిడ్డ హాజరు గురించి మాట్లాడడానికి వచ్చినప్పుడు, మాటల మధ్యలో చెప్పింది. "మేడమ్, వండుకోవడం మాకు వచ్చు. ఇంతమందికి సరిపోయే గిన్నె లేదు, అంతే" అంది.

ఏడు ఇళ్ల శ్రమ వృథా కాకుండా ఉండడానికి ముందుగా ఆ ఇంటికి వెళ్లి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అందుకని ఈసారి మీకు లేఖ రాయడానికి ముందే, ఇప్పుడు మనం ఇవ్వబోయే ఇంటి పెద్దలను కలిశాను. వండిన భోజనం కావాలా, సరుకులు కావాలా, లేక డబ్బు ఇస్తే వాళ్లే తెచ్చుకుంటారా అని అడిగాను. ఏ రోజున అందరూ ఇంట్లో ఉంటారో, ఇంట్లో ఎన్ని పొయ్యిలు ఉన్నాయో, మంచినీళ్లు ఎప్పుడు వస్తాయో, ఎవరు ఏమి తినరో, ఏది పడదో కూడా తెలుసుకున్నాను. సరుకులు చాలని, వంట తామే చేసుకుంటామని వాళ్లన్నారు. పండుగ రోజున కాకుండా ఆ మర్నాడు అందరూ కలుస్తారని చెప్పారు, కాబట్టి మన ఏర్పాటు కూడా ఆ మర్నాటికే. వాళ్లు అడిగిందే ఇవ్వడం మన పని, మనకు ఇవ్వాలనిపించింది ఇవ్వడం కాదు.

ఇక ఎంత పంపాలన్న లెక్క. "పెద్ద కుటుంబం" అనగానే మనం తలల లెక్కను గుడ్డిగా ఒక కొలతతో గుణిస్తాం, దాంతో ఒకచోట మిగిలిపోతుంది, ఇంకొకచోట చాలదు. ఉదాహరణకు 13 మంది ఉన్న ఇల్లు అనుకుందాం (ఇది నేను కల్పించిన లెక్క, ఏ ఇంటిదీ కాదు). పెద్దలు 5 మంది, పై తరగతుల్లో ఉన్న ఎదిగే పిల్లలు ఇద్దరు, చిన్న తరగతులవాళ్లు నలుగురు, ఇంకా బడి ఈడు రాని పసివాళ్లు ఇద్దరు. ఒక పూటకు బియ్యం పెద్దలకు తలకు 100 గ్రాములు, ఎదిగే పిల్లలకు 120, చిన్న తరగతులవాళ్లకు 70, పసివాళ్లకు 35 చొప్పున వేసుకుంటే మొత్తం 1,090 గ్రాములు, అంటే కొంచెం ఎక్కువగా కిలో. అన్నం వండితే బరువు దాదాపు మూడింతలవుతుంది, కాబట్టి పొయ్యి దిగేసరికి అది మూడు కిలోలకు పైమాటే. ఉడికేటప్పుడు పొంగడానికి చోటు కూడా కావాలి గనుక ఆ అన్నానికే 6, 7 లీటర్లు పట్టే గిన్నె ఉండాలి. నలుగురి వంటకు వాడే గిన్నెలో దీన్ని మూడు విడతలుగా వండాలి. మొదటి విడత చల్లారిపోయాక గాని మూడో విడత దిగదు. పదునాలుగేళ్ల పిల్లవాడు తండ్రి కంటే ఎక్కువ తింటాడన్నది లెక్కలో చాలామంది మరిచిపోయే సంగతి, మీ ఇళ్లలో ఆ వయసు పిల్లలున్నవాళ్లకు నేను చెప్పనవసరం లేదు.

సరుకులు ఎంచుకునేటప్పుడు వాటిని ఉడికించడానికి పట్టే ఇంధనాన్ని కూడా సరుకుగానే లెక్క వేయండి. ఎండు గింజలు చౌక, నిలవ ఉంటాయి, మాంసకృత్తులు పుష్కలం, అయితే కొన్ని గింజలు రాత్రంతా నానబెట్టినా ఉడకడానికి గంట పడుతుంది. ఒక్క పొయ్యి ఉన్న ఇంట్లో ఆ గంట మిగతా వంటంతా ఆగిపోతుంది. రాజ్మా గింజల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. వాటిని నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగించాలి, ఆ తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. సన్నటి సెగ మీద అరకొరగా ఉడికితే వాటిలో సహజంగా ఉండే ఒక విషపదార్థం వల్ల వాంతులు, విరేచనాలు అవుతాయి. వాళ్లు అడిగితే తప్ప రాజ్మా జోలికి పోవద్దు. త్వరగా ఉడికే పప్పులు, నూనె, గుడ్లు, నాలుగు రోజులు నిలిచే కూరగాయలు, పండ్లు, ఉప్పు, మసాలా దినుసులు మేలు. నూనె, ఉప్పు, మసాలాలు అందరూ మరిచిపోయేవి. బియ్యం మూట అందిన ఇంట్లో తిరగమోతకు నూనె లేకపోతే అది పండుగ వంట కాదు. సీలు వేసిన డబ్బాలు ఇచ్చేవాళ్లు మూత తీసే కట్టరు కూడా ఇవ్వండి. గడువు తేదీ దాటినవి, దాటబోతున్నవి దయచేసి తేవద్దు. గత అనుభవం వల్ల ఇంత సూటిగా రాస్తున్నాను, క్షమించాలి.

వయసులను బట్టి కొన్ని తేడాలున్నాయి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప వేరే ఏదీ అక్కర్లేదు, కాబట్టి ఆ బిడ్డ వాటా తల్లి కంచంలోకి చేరాలి, పాలిచ్చే తల్లి ఆకలి మామూలు కంటే ఎక్కువ. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించడం కూడా ప్రమాదమే. తేనెలో ఉండగల ఒక రకం బాక్టీరియా బీజాలు పసిపేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబడేసే జబ్బుకు దారితీస్తాయి. ఐదేళ్ల లోపువాళ్లకు గింజలు గింజలుగా వేరుశనగలు, జీడిపప్పులు పెట్టకూడదు, గొంతుకు అడ్డుపడతాయి, పొడి చేసి కలపవచ్చు. పళ్లు లేని పెద్దవాళ్లకు మెత్తటి పదార్థం, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు తీపి లేనిది ఒకటైనా ఉండాలి. వేరుశనగ, పాలు, గుడ్లు, గోధుమ, సోయా, చేపలు, రొయ్యలు, బాదం, జీడిపప్పు వంటివి కొందరికి పడవు, అందుకే ఇంట్లో కలిపి పొట్లం కట్టిన పొడులు, మిఠాయిలు ఇచ్చేవాళ్లు వాటిలో ఏమేం వేశారో చీటీ మీద రాసి అంటించండి.

వాళ్లు సరుకులే కోరినా, ఇద్దరు ముగ్గురు మీ వంతుగా ఒక వంటకం పంపించాలని ముచ్చటపడుతున్నారని తెలుసు, ఆ ఇంటివాళ్లు కూడా ఒకటి రెండయితే సరేనన్నారు. అలా పంపేవాళ్లు ఒక్క విషయం గట్టిగా పాటించాలి. వండిన ఆహారాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని, వేడిగా ఉంచదలిస్తే 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, నిలవ చేయదలిస్తే 5 డిగ్రీలకు లోపల ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మధ్యనున్న వేడిలోనే సూక్ష్మజీవులు తొందరగా పెరుగుతాయి. పెద్ద గిన్నెలోని పదార్థం పైన చల్లబడినట్టు కనిపిస్తుంది, అడుగున, నడుమన గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. బియ్యంలో ఉండే కొన్ని బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, ఆ గోరువెచ్చదనంలో మళ్లీ మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం ఎంత తిరిగి వేడి చేసినా పోదు. రెండేళ్ల కిందట గిన్నెలో జరిగింది బహుశా ఇదే. వాసన వేయబట్టి పారబోశారు, వాసన లేకపోయి ఉంటే పిల్లలు తినేవారు. కాబట్టి మిగిలే పదార్థాన్ని వెడల్పాటి పళ్లాల్లో రెండు అంగుళాలకు మించని మందంలో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేని ఇంటికి మిగిలేటంత పంపకపోవడమే మంచిది.

నాకు ఈ భోజనం కంటే ఎక్కువ దిగులు కలిగించే లెక్క ఇంకొకటి ఉంది. బడి నడిచే రోజుల్లో మధ్యాహ్నం ఇక్కడే తినే పిల్లలకు సెలవులు వస్తే ఆ పూట ఆగిపోతుంది. పై ఉదాహరణలోని ఇంట్లో బడికి వచ్చేవాళ్లు ఆరుగురు. పది రోజుల సెలవుల్లో అది 60 పూటల భోజనం. మనం ఎంతో హడావిడి పడి పెట్టే పండుగ విందు ఆ ఆరుగురికీ కలిపి 6 పూటలు. అందుకని విందుకు చాలినంత సేకరించాక, మిగతా చందాను తీపి పదార్థాల మీద పెట్టకుండా, ఆ పది రోజులకు సరిపడే బియ్యం, పప్పు, నూనె, గుడ్ల మీద పెట్టాలని నా అభిప్రాయం. విందులో ఒక మిఠాయి తగ్గితే ఎవరూ బాధపడరు. తల్లిదండ్రుల సంఘంలో ఇద్దరు దీనికి ఒప్పుకోలేదు, పండుగంటే ఆ ఒక్క రోజైనా కడుపునిండా, కంటినిండా ఉండాలన్నారు. వాళ్ల మాటలోనూ న్యాయముంది, అందుకే మిఠాయిని పూర్తిగా తీసేయలేదు, ఒకే రకం ఉంచాను, అదీ ఆ ఇంటి పిల్లలు ఎంచుకున్నది.

సరుకులన్నీ ఆఫీసు గదికే చేర్చండి, పిల్లల చేత తరగతి గదుల్లోకి పంపవద్దు. వాటిని మామూలు సంచుల్లో సర్ది, మా సిబ్బందిలో ఒక్కరే చీకటి పడ్డాక తీసుకెళ్లి ఇచ్చి వస్తారు. ఫోటోలు తీయము. ఇచ్చినవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టము. తరగతుల వాట్సాప్ గ్రూపుల్లో కూడా దీని గురించి రాయవద్దని కోరుతున్నాను, ఎందుకంటే ఆ గ్రూపుల్లో ఆ ఇంటివాళ్లు కూడా ఉన్నారు.

ఎవరు ఏది ఇస్తారో రాసుకోవడానికి ఆఫీసు బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంచాను. కావలసినవాటి పట్టిక మొదటి పేజీలో ఉంది, ఒకరు రాసిన సరుకును ఇంకొకరు రాయకుండా ఎదురుగా గీత కొట్టండి. సెలవులకు ముందు వచ్చే శుక్రవారం సాయంత్రం లోగా అన్నీ చేరితే సర్దుకోవడానికి మాకు వ్యవధి ఉంటుంది. పట్టికలో అన్నిటికంటే పైన రాసిన పెద్ద గిన్నెకు ఇప్పటికే గీత పడింది. ఇచ్చినవారు దాన్ని తిరిగి ఇవ్వనక్కర్లేదని, మూతతో సహా ఆ ఇంట్లోనే ఉండనిమ్మని చెప్పారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు