కొత్త ఆప్టోమెట్రిస్టులకు మొదటి రెండేళ్లే కీలకం

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చాక ఏటా పత్రికల విద్యా పేజీల్లో, ఎంబీబీఎస్ సీటు రాని బైపీసీ విద్యార్థులు ఇంకేమి చదవవచ్చో చెప్పే వ్యాసాలు వెలువడుతుంటాయి. వాటిలో ఆప్టోమెట్రీ, అంటే చూపు పరీక్షించి అద్దాల పవర్ తేల్చే వృత్తి, పేరు తప్పక ఉంటుంది. డిగ్రీ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన కంటి ఆస్పత్రుల్లోనూ కళ్లజోళ్ల షోరూముల్లోనూ ఉద్యోగాలు అని నాలుగు వాక్యాల్లో ముగిస్తారు. పట్టా చేతికి వచ్చాక ఎక్కడ చేరాలి, ఏం నేర్చుకోవాలి అన్న సంగతి ఎవరూ చెప్పరు. ఒక జిల్లా కేంద్రంలో చాలాకాలంగా ఈ వృత్తిలో ఉండి, కొత్తగా చదువు ముగించుకుని వచ్చిన పిల్లలకు పని నేర్పుతున్నవాడిగా ఆ సంగతి మీ పాఠకుల ముందు ఉంచాలనుకుంటున్నాను.

మొదటి ఉద్యోగాన్ని జీతం చూసి కాక, అక్కడ ఎవరి దగ్గర పని నేర్చుకోగలమో చూసి ఎంచుకోవాలి. ఇంటి అప్పులు, చెల్లెలి చదువు వంటి బాధ్యతలున్నవారు రెండు వేలు ఎక్కువ ఇచ్చే చోటికి వెళితే నేను తప్పుపట్టను. అయితే నెలకు ఇన్ని జోళ్లు, అందులో దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో కనిపించే ప్రోగ్రెసివ్ అద్దాలు ఇన్ని అమ్మాలని టార్గెట్ పెట్టే చోట, చేయి తిరగని కుర్రవాడిని కూర్చోబెడితే అతడు పరీక్ష కంటే ముందు అమ్మకం నేర్చుకుంటాడు. వచ్చిన మనిషికి పవర్ మారలేదనీ, పాత జోడే చాలుననీ చెప్పడానికి అతడికి నోరు రాదు. ఒకసారి ఆ అలవాటు పడితే తరువాత ఎంత పెద్ద ఆస్పత్రిలో చేరినా వదిలించుకోవడం కష్టం. షోరూముల్లో నిజాయితీగా పనిచేసే మంచి ఆప్టోమెట్రిస్టులు నాకు తెలుసు. వారిలో ఎక్కువమంది ముందు ఆస్పత్రిలో రెండు మూడేళ్లు గడిపి వెళ్లినవారే.

ఆస్పత్రిలో గడిపే ఆ కాలంలో చేతికి రావలసిన విద్యల్లో మొదటిది రెటినోస్కోపీ, అంటే రెటినోస్కోప్ అనే చేతి పరికరంతో కంట్లోకి వెలుగు వేసి, అది కదిలే తీరును బట్టి పవర్ తేల్చడం. జనం 'కంప్యూటర్ పరీక్ష' అని పిలిచే ఆటోరిఫ్రాక్టర్ నిమిషంలో చీటీ ముద్రించి ఇస్తుంది కనుక, ఇప్పటి పిల్లలకు రెటినోస్కోప్ పాతకాలపు వస్తువులా కనిపిస్తోంది. ఆ చీటీలోని అంకె పరీక్షకు ఆరంభం మాత్రమే. దూరం ఆనడం లేదని, తలనొప్పి వస్తోందని తల్లి వెంటపెట్టుకుని వచ్చిన ఎనిమిదో తరగతి అబ్బాయిని తీసుకోండి. యంత్రంలో రోడ్డు చివర కనిపించే బెలూన్ బొమ్మ దూరంగా ఉన్నట్టే గీసినా, తన ముఖం ముందే యంత్రం ఉందన్న స్పృహతో ఆ పిల్లవాడి కన్ను దగ్గరి వస్తువుపైనే కేంద్రీకరిస్తుంది. చీటీ మీద రెండు కళ్లకూ మైనస్ ఒకటిన్నర అని వస్తుంది. కంటి వైద్యుల సలహా మీద చుక్కల మందు వేసి, కంటి కండరం పూర్తిగా సడలేదాకా ఆగి, చీకటి గదిలో రెటినోస్కోప్‌తో చూస్తే కొందరిలో ఆ మైనస్ మొత్తం మాయమవుతుంది, కొందరిలో కొద్దిపాటి ప్లస్ సైతం బయటపడుతుంది. చీటీని నమ్మి జోడు రాసి ఉంటే, అక్కర్లేని మైనస్‌ను ఆ పిల్లవాడు ఏళ్ల తరబడి మోసేవాడు. చుక్కల మందుకు, నిరీక్షణకు కలిపి గంట పడుతుందని విసుక్కునే తల్లిదండ్రులకు ఓపికగా నచ్చజెప్పడం కూడా పరీక్షలో భాగమే.

అదే రెటినోస్కోప్ ఇంకొక సందర్భంలో జబ్బునే పట్టిస్తుంది. ఆరు నెలలకోసారి సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా సమంగా లేనప్పుడు రాసేది) పెరిగిపోతూ, ఎన్ని అద్దాలు మార్చినా చివరి వరుస చదవలేని ఇంటర్ విద్యార్థి కంట్లో వెలుగు నిలువుగా సాగక కత్తెర రెక్కల్లా విడిపోయి కదిలితే, కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా పలచబడి శంకువులా ముందుకు వచ్చే కెరటోకోనస్ జబ్బును అనుమానించి, ఆ పొర వంపును కొలిచే కార్నియా మ్యాపింగ్‌కు పంపాలి. తొందరగా దొరికితే కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్సతో అది ముదరకుండా ఆపే వీలుంటుంది. పది జోళ్లు మార్చాక దొరికితే ఆ వీలు తగ్గిపోతుంది. కళ్లు బాగా నులుముకునే అలవాటుందా అని అడగడం మరవకూడదు.

అడగడం అన్నాను కనుక మరో రెండు మాటలు. మధుమేహం ఉన్నవారికి చక్కెర హెచ్చుతగ్గులు అవుతున్న రోజుల్లో చూసి రాసిన పవర్ నెల తిరిగేలోగా మారిపోవచ్చు. చక్కెర అదుపులోకి వచ్చాకే జోడు రాయాలి. చత్వారం వచ్చినవారికి దగ్గరి చూపు కార్డును నలభై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని పవర్ తేల్చేస్తే సరిపోదు. మంగళగిరిలో మగ్గం ముందు కూర్చునే నేతకారుడి చేతిపని దూరం వేరు, సూదిలో దారం ఎక్కించే దర్జీ దూరం వేరు. ఏం పని చేస్తారని అడిగి, ఆ దూరం టేపుతో కొలిచి పవర్ రాసిన ఆప్టోమెట్రిస్టు దగ్గరికి ఆ వీధి వీధంతా వస్తుంది.

కొత్త జోడు పెట్టుకుంటే తల తిరుగుతోందని తిరిగి వచ్చే మనిషితో ఎలా నడుచుకోవాలో ఏ కాలేజీలోనూ చెప్పరు. 'అలవాటు పడతారు లెండి' అని పంపేయడం మన షాపుల్లో ఆనవాయితీ అయిపోయింది. వారిని మళ్లీ పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టే ముందు ఆ జోడును అద్దాల పవర్ కొలిచే లెన్సోమీటర్ మీద పెట్టి, యాక్సిస్ (సిలిండర్ పవర్ కోణం) చీటీలో రాసినట్టే ఉందా, అద్దాల మధ్య బిందువుల దూరం ఆ మనిషి పీడీకి, అంటే రెండు కనుపాపల మధ్య దూరానికి, సరిపోయిందా అని చూడాలి. లోపం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. అలా పరిశీలించి సరిచేసి పంపితే వారు రెండోసారి కూడా మన దగ్గరికే వస్తారు.

ఇక తమ పరిధి ఎంతవరకో తెలియడం. కంటి ఒత్తిడి ఎక్కువగా ఉన్నా, చూపు తగ్గడానికి తగిన కారణం కనబడకపోయినా, ఒక కన్ను ఎంత పవర్ వేసినా పుంజుకోకపోయినా, రోగిని ఒట్టి మాటతో పంపకుండా తాము చూసినదంతా స్పష్టంగా రాసి వైద్యుడి దగ్గరికి పంపాలి. ఎర్రబడిన కంటికి స్టెరాయిడ్ చుక్కలు ఊరికే చెప్పేసే పాపం చిన్న ఊళ్ల మందుల షాపుల్లో ఇప్పటికే చాలా జరుగుతోంది. వైద్యుల అజమాయిషీ లేకుండా నెలల తరబడి వాడితే నీటికాసులు, శుక్లాలు రెండూ రాగలవు. ఆ వరుసలో ఆప్టోమెట్రిస్టు చేరకూడదు. పేరు ముందు డాక్టర్ అని బోర్డు రాయించుకోవాలన్న తొందర కొందరు కుర్రవాళ్లలో చూస్తున్నాను. రాయించుకోకపోయినా పల్లెటూరి పెద్దమనిషి మిమ్మల్ని డాక్టరు బాబూ అనే పిలుస్తాడు, ఆ బరువు చాలు.

గ్రామీణ సేవ విషయంలో మన రాష్ట్రాలకు మంచి వారసత్వం ఉంది. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ పల్లెల్లో దృష్టి కేంద్రాలు పెట్టి ప్రాథమిక కంటి పరీక్షను జనం ముంగిటికి తెచ్చింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ప్రభుత్వ కంటి వెలుగు శిబిరాలు మొదలయ్యాయి. శిబిరంలో రోజుకు వంద కళ్లు చూసే వేగం అబ్బుతుంది, దాన్ని కాదనను. అయితే రాసిన జోడు ఎలా కుదిరిందో చూసే అవకాశం శిబిరంలో ఉండదు. అందుకే శిబిరాల అనుభవం ఎంత ఉన్నా, అదే రోగి మళ్లీ వచ్చే చోట కొంతకాలం పనిచేయాలని కోరుతాను.

వృత్తికి చట్టపరమైన గుర్తింపు తెచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం 2021లో వచ్చింది. కేంద్ర, రాష్ట్ర స్థాయుల్లో వృత్తి నిపుణుల రిజిస్టర్లు నిర్వహించాలని అందులో ఉంది. కనుక మార్కుల పత్రాలతో పాటు ఇంటర్న్‌షిప్ ధ్రువపత్రం, లాగ్‌బుక్, పనిచేసిన ప్రతి చోటు నుంచి అనుభవ పత్రం భద్రపరచుకోవాలి. గల్ఫ్ దేశాలకు వెళ్లదలచినవారికి అక్కడి లైసెన్సు కోసం అవే కాగితాలు కావాలి. అమెరికాలో మాత్రం ఇక్కడి డిగ్రీతో నేరుగా ప్రాక్టీసు కుదరదు, అక్కడి ఆప్టోమెట్రీ డాక్టరేటు చదవాల్సిందే. ఏజెంట్లు ఇంకోలా చెబితే నమ్మవద్దు.

మీ విద్యా పేజీకి ఒక విన్నపం. వచ్చే ఏడాది ఈ కోర్సు గురించి రాసేటప్పుడు, కాలేజీలో చేరే ముందు విద్యార్థులు ఏం అడగాలో కూడా రాయండి. ఇంటర్న్‌షిప్ ఏ ఆస్పత్రిలో, అక్కడ రోజుకు ఎంతమంది రోగులు వస్తారు, ఒక్కో ట్రయల్ బాక్సుకు (పరీక్ష అద్దాల పెట్టెకు) ఎంతమంది విద్యార్థులు, రెండో ఏడాది నుంచే రెటినోస్కోప్ చేతికి ఇస్తారా, స్టైపెండ్ ఎంత అన్నవి ఫీజు కట్టక ముందే అడిగి తెలుసుకోవాలి. జవాబు దాటవేసే కాలేజీల పేర్లు తల్లిదండ్రులు తమ జాబితాలోంచి కొట్టేయవచ్చు.

ఇట్లు,
ఒక ఆప్టోమెట్రిస్టు,
గుంటూరు.