విజయవాడ సింగ్ నగర్‌లో వరద బురద ఎత్తిన చేతులకు వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

సేవా పర్యటన మీద శ్రీలంక నుంచి వచ్చి, శనివారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా మన వీధిలో బురద ఎత్తిన 14 మంది అన్నలకు, అక్కలకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. వాళ్లతో కలిసి దిగిన మన యువతకు, ఉదయం ఉప్మా, మధ్యాహ్నం పులిహోర వండి పెట్టిన స్త్రీల సమాజానికి, మంచినీళ్ల టిన్నులు ఉచితంగా మోసిన ఆటో తమ్ముళ్లకు కూడా.

2024 సెప్టెంబరు 1 ఆదివారం మన ఇళ్లలోకి వచ్చినవి కృష్ణా నది నీళ్లు కావు, బుడమేరు వాగు నీళ్లు. ఎగువన కట్టకు గండ్లు పడ్డాయి. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులవి. నది అంత నిండుగా ఉంటే, బుడమేరును కృష్ణలోకి తిప్పే మళ్లింపు కాలువ నీళ్లు అందులోకి దిగవు. అలా వచ్చిన నీళ్లతో ఒండ్రు ఒక్కటే రాలేదు, మురుగు కూడా వచ్చింది. అందుకే ఏ పని ముందు, ఏది వెనక అన్నది సేవకు వచ్చినవాళ్లు అంత పట్టుగా చూసుకున్నారు.

ముందు మెయిన్ స్విచ్ ఆపేసి, మీటరు దగ్గర ఫ్యూజులు పీకాకే లోపల అడుగు. చాపలు, పరుపులు చేత్తో ఎత్తలేదు, పాములుంటాయని పొడుగు కర్రతో లేపారు. బురద ఎత్తడం వెనక గది నుంచి వీధి గుమ్మం వైపు. పారతో గీకితే టైల్స్ అంచులు పగులుతాయి కాబట్టి చెక్క పలకకు కర్ర కొట్టి దానితో లాగారు. తడిగా ఉన్నప్పుడే ఎత్తాలి, ఆరిందంటే గచ్చుకు పట్టేస్తుంది, మళ్లీ నానబెట్టాల్సిందే. ఉబ్బిపోయి రాని బీరువా సొరుగుల్ని గడ్డపారతో పెకిలించలేదు. వెనక ప్లైవుడ్ మేకులు తీసి అటు నుంచి సామాను తీశారు. ఒక ఇంట్లో కాగితాల సంచి పాడవకుండా దొరికింది అలాగే.

బ్లీచింగ్ దగ్గర చాలామంది పొరబడుతున్నారు. బురద మీద చల్లితే ఆ బురదే క్లోరిన్‌ను తినేస్తుంది, క్రిములు చావవు. ముందు గీకాలి, తర్వాత సబ్బు నీళ్లతో కడగాలి, ఆ తర్వాతే బ్లీచింగ్. పది లీటర్ల బకెట్‌కు 100 గ్రాములు కలిపి, గోడ మీద నీటి గీత ఎక్కడుందో దానికి జానెడు పైదాకా పూసి, పది నిమిషాలు ఆగి కడిగారు. కిటికీలు తెరిచే ఉంచాలి. బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది, చిన్న గదిలో అయితే ప్రాణానికే ముప్పు.

సంపు విషయంలో వాళ్ల ఓపికకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. చుట్టూ నేల నీళ్లతో నిండి ఉండగా సంపు మొత్తం తోడేస్తే బయటి ఒత్తిడికి గోడలు పగులుతాయి. అందుకని సగం తోడి ఆగి, నేల కాస్త గుంజుకున్నాక మిగతాది తోడారు. తెల్లవారుజామునే మూత తీసి గాలి ఆడనిచ్చారు. దిగిన మనిషి నడుముకు తాడు, పైన ఇద్దరు కాపలా. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు సంపులో దిగవద్దని అందరికీ చేతులు పట్టుకుని మరీ చెప్పారు. ఒరల బావికీ అదే జాగ్రత్త. సునామీ తర్వాత తమ దగ్గర బావులు అదే పనిగా తోడితే ఉప్పునీరు ఊరిందని, ఇక్కడైతే ఒరలు కదులుతాయని అన్నారు.

సంపు కడిగాక 1000 లీటర్లకు 200 గ్రాముల లెక్కన బ్లీచింగ్ వేశారు. పొడిని నేరుగా చల్లలేదు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోశారు. లేకపోతే ఆ సున్నం పైపుల్లో పేరుకుంటుంది. 12 గంటలు అలా ఉంచి ఆ నీళ్లన్నీ బయటికి వదిలేయాలి, అవి తాగడానికి, వంటకు పనికిరావు. మూట విప్పి చాలా రోజులైన, ఘాటు వాసన పోయిన బ్లీచింగ్‌ను నమ్ముకోవద్దు, గాలికి, తడికి దాని బలం తగ్గిపోతుంది.

మూడో ఇంట్లో కుట్టు మిషను పూర్తిగా మునిగింది. ఇల్లు గడిచేది దాని మీదే. ఒక అక్క బాబిన్ కేసు, షటిల్ విప్పి కిరసనాయిలు గిన్నెలో వేసింది. గుడ్డతో తుడుస్తూ ఉంటే ఎర్రటి ఒండ్రు చారలుగా దిగింది. తర్వాత ప్రతి రంధ్రంలో రెండు చుక్కల మిషన్ ఆయిల్ వేసి, చక్రాన్ని చేత్తోనే అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. తొక్కి చూడమని అడిగితే, లోపల ఇసుక ఉండగా తొక్కితే షాఫ్టు గీసుకుపోతుందని ఆపింది. తోలు బెల్టు ఒక్కటే కొత్తది వేయించాలి. ఆ అక్కను మా వీధి ఆడపిల్లలు మరచిపోరు.

ఫ్రిజ్, మోటారు ఎవరూ ఆన్ చేసి చూడకండి. ఎలక్ట్రీషియన్ ఎర్తింగ్ చూశాకే కరెంటు. కాలికి పుండు, పగులు ఉన్నవాళ్లు బూట్లు లేకుండా బురదలో దిగవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో జ్వరం వస్తుంది, ఒళ్లు వెచ్చబడితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

వాళ్లు మనకే వదిలి వెళ్లిన పారలు, గమేళాలు, డీజిల్ బురద పంపు మందిరం పక్క గదిలో ఉన్నాయి. పుస్తకంలో పేరు రాసి తీసుకెళ్లండి. పంపును తిరిగి ఇచ్చే ముందు పది నిమిషాలు మంచినీళ్లతో నడపండి, లోపల ఒండ్రు గట్టిపడితే మళ్లీ తిరగదు.